నిక్కరు వేసుకున్న పైలట్లు: ఉద్యోగ ప్రకటనలో జోకు ఏం పని చేస్తుంది?

పైలట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఎనిమిది మంది వచ్చారు. అందరివీ ముదురు రంగు సూట్లు, టైలు, నల్ల బూట్లు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ వాలకం చూసి ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఇంత బిర్రబిగుసుకుని ఉంటే ఎలాగండీ, మా కంపెనీ బెర్ముడా నిక్కర్లు ఇస్తాం, ప్యాంటు మార్చుకుని మిగతా రోజంతా వాటితోనే గడపండి అన్నారు. పైన కోటూ టై, కింద నిక్కరు, కాళ్లకు నల్ల బూట్లు. ఆరుగురు సరేనని మార్చుకున్నారు. ఉద్యోగాలు ఆ ఆరుగురికే వచ్చాయి.

అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ గురించి మేనేజ్‌మెంట్ పాఠాల్లో తరచూ వినిపించే ముచ్చట ఇది. మొదటిసారి వింటే ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే: విమానం నడపడానికీ నిక్కరుకీ ఏం సంబంధం? అందులోనూ మనది ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అన్న సామెత ఉన్న సమాజం. ఇంటర్వ్యూకి వెళ్తున్న పిల్లాడికి ‘పళ్లికిలించకు, బుద్ధిగా కూర్చో’ అని చెప్పి పంపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

సంబంధం ఉంది. అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. సౌత్‌వెస్ట్ 1971 జూన్‌లో టెక్సస్‌లో విమానాలు తిప్పడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది డబ్బు కటకటతో ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేయాల్సి వచ్చింది. సర్వీసులు మాత్రం తగ్గించుకోదలచలేదు. నాలుగు విమానాల పని మూడింటితో చేయాలంటే దారి ఒక్కటే. దిగిన విమానం పది నిమిషాల్లో మళ్లీ ఎగరాలి. ఆ పది నిమిషాల్లో ప్రయాణికులు దిగాలి, కొత్తవాళ్లు ఎక్కాలి, సామాన్లు దించాలి, ఎక్కించాలి, సీట్ల మధ్య చెత్త తీయాలి. అవసరమైతే పైలట్ కూడా ఓ చెయ్యి వేయాలి. ‘నేను కెప్టెన్‌ని, ఇది నా పని కాదు’ అనే మనిషి ఒక్కడుంటే చాలు, మొత్తం లెక్క తప్పుతుంది.

విమానం నడపడం వచ్చో రాదో లైసెన్స్ చెబుతుంది, లాగ్‌బుక్‌లో గంటలు చెబుతాయి. ‘నా హోదా ఏమిటి, నన్ను ఈ పని చేయమంటారా’ అన్న బిగువు మనిషిలో ఎంత ఉందో ఏ సర్టిఫికెట్టూ చెప్పదు. నిక్కరు చెబుతుంది. అంటే అక్కడ జోకు వాతావరణాన్ని తేలిక చేయడానికి వేసింది కాదు. ఉద్యోగంలో రోజూ ఎదురయ్యే పరిస్థితినే చిన్న నమూనాగా ముందు పెట్టారు. ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్నలూ ఆ దారిలోనే ఉండేవి: పనిలో చిక్కు వచ్చినప్పుడు హాస్యంతో దాన్ని ఎప్పుడైనా చల్లబరిచారా, ఎలా చల్లబరిచారో చెప్పండి. రద్దయిన ఫ్లైట్ ముందు కోపంగా నిలబడ్డ వందమందికి సమాధానం చెప్పాల్సిన ఉద్యోగికి ఇది అడగవలసిన ప్రశ్నే.

ప్రకటనలూ అంతే. సౌత్‌వెస్ట్‌కి చాలాకాలం అధిపతిగా ఉన్న హెర్బ్ కెలహర్ అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వేషం కట్టుకుని ఉద్యోగ ప్రకటనకి ఫొటో దిగాడు. ‘ఎల్విస్ కనబడ్డ చోట పని చేయండి’ అన్నది దాని సారం. కాస్త తిక్క ఉన్నా ఫర్వాలేదు, పది మందితో కలిసేవాళ్లయితే మంచిది, రెజ్యూమె పంపితే కవరు మీద ఎల్విస్ పేరు రాయండి అని అందులో ఉంటుంది. ఇంకో ప్రకటనలో ఒకటో తరగతి పిల్లాడు రంగులు పూసిన బొమ్మ ఉంటుంది. రంగులన్నీ గీతలు దాటి బయటికి పోయాయని టీచరు తప్పుపట్టింది. పైన కంపెనీ రాసిన మాట: ఈ బాబులో సౌత్‌వెస్ట్‌లో పనిచేసే లక్షణాలు అప్పుడే కనిపిస్తున్నాయి.

ఈ రెండు ప్రకటనలూ చదివి నవ్వుకున్నవాడు దరఖాస్తు పెడతాడు. ‘ఇదేం కంపెనీ, సర్కస్‌లా ఉంది’ అనుకున్నవాడు పేజీ తిప్పేస్తాడు. రెండోవాడు పోవడం కంపెనీకి నష్టం కాదు. అతను వచ్చి, సెలెక్ట్ అయి, ట్రైనింగ్ తీసుకుని, ఆర్నెల్లకి మానేస్తే ఖర్చు. ఇప్పుడైతే ఖర్చు పేజీ తిప్పినంతే. సంస్థల మనస్తత్వం మీద పనిచేసిన బెంజమిన్ ష్నైడర్ 1987లో ఒక మాట అన్నాడు: మనుషులు తమలాంటివాళ్లున్న చోటికి వస్తారు, సంస్థ అందులోంచి తనలాంటివాళ్లను ఏరుకుంటుంది, ఇమడనివాళ్లు మెల్లగా బయటికి పోతారు, చివరికి ఆ మిగిలిన మనుషులే సంస్థ అవుతారు. జోకు ఈ వరసలో మొదటి మెట్టు దగ్గరే పని మొదలుపెడుతుంది. నియామకాల్లో హాస్యం అనగానే ‘ఎక్కువమందిని లాగాలి’ అనుకుంటారు కానీ, అది బాగా పనిచేసిన చోట చేసింది జల్లించడం.

ఈ మాటకి అందరికన్నా గట్టి ఉదాహరణ గూగుల్ 2004లో కాలిఫోర్నియా హైవే పక్కన పెట్టిన హోర్డింగ్. దాని మీద కంపెనీ పేరు లేదు, ఉద్యోగం అన్న మాట లేదు. గణితంలో ‘ఈ’ అనే స్థిరసంఖ్య ఉంటుంది కదా, దాని అంకెల్లో వరసగా వచ్చే మొదటి పదంకెల ప్రధాన సంఖ్య డాట్ కామ్ అని మాత్రమే ఉంది. లెక్క కట్టినవాళ్లు ఆ సైట్‌కి వెళ్తే ఇంకో లెక్క ఎదురైంది, అదీ విప్పితే అప్పుడు గూగుల్ రెజ్యూమె అడిగింది. కార్లలో పోతున్నవాళ్లలో చాలామందికి అదొక పిచ్చి హోర్డింగ్. కొద్దిమందికి మాత్రం ‘ఇది నాకోసమే పెట్టారు’ అన్న గిలిగింత. ఆ కొద్దిమందే కావాలి వాళ్లకి.

అయితే జల్లెడ ఎవరిని పోగొడుతోందన్నది ఎప్పుడూ చూసుకోవాలి. దీనికి వేరే కంపెనీ దాకా వెళ్లక్కర్లేదు, సౌత్‌వెస్ట్ చరిత్రలోనే పాఠం ఉంది. 1971లో ఎయిర్‌హోస్టెస్‌ల కోసం అదే కంపెనీ వేసిన ప్రకటన అప్పటి సినిమా తార రాక్వెల్ వెల్చ్‌ని ఉద్దేశించి ఉంటుంది. అమ్మా, సరితూగితే నీకూ ఉద్యోగం ఇస్తాం అని. ఇంగ్లీషులో వాడిన ఆ మాటకి అర్హత ఉంటే అనీ, ఒంటి కొలతలు సరిపోతే అనీ రెండు అర్థాలు. శ్లేష బాగానే పేలింది, ఆ రోజుల్లో నవ్వినవాళ్లూ చాలామందే ఉండి ఉంటారు. ఎంపికైన అమ్మాయిలకి యూనిఫామ్‌గా పొట్టి నిక్కర్లు, మోకాళ్ల దాకా బూట్లు ఇచ్చారు. కంపెనీ తన ప్రచారం మొత్తాన్ని ‘ప్రేమ’ చుట్టూ తిప్పింది. వాళ్ల విమానాశ్రయం పేరే డాలస్ లవ్ ఫీల్డ్, కాబట్టి అదీ కలిసొచ్చింది.

ఆ ఉద్యోగాలకి తమను వద్దన్నందుకు మగవాళ్లు కోర్టుకెక్కారు. ఆడవాళ్ల ఆకర్షణే మా వ్యాపారానికి ఆయువుపట్టు అని కంపెనీ వాదించింది. విమానయాన సంస్థ అసలు పని ప్రయాణికుల్ని క్షేమంగా, త్వరగా చేర్చడం, అందచందాల ప్రదర్శన కాదు అని 1981లో టెక్సస్ ఫెడరల్ కోర్టు తేల్చింది. మగవాళ్లను ఆ ఉద్యోగాల నుంచి దూరం పెట్టడం చట్టవిరుద్ధం అంది.

ఇప్పుడు ఈ రాక్వెల్ వెల్చ్ ప్రకటననీ, ఆ ఎల్విస్ ప్రకటననీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే కంపెనీ, రెండూ జోకులే, మధ్య ఇరవై ఏళ్లు అటూ ఇటూ. మొదటిదాంట్లో నవ్వు ఎవరి మీద? ఉద్యోగం అడగడానికి వచ్చిన అమ్మాయి ఒంటి మీద. రెండోదాంట్లో? తెల్లసూటు, రంగురాళ్ల వేషంలో నిలబడ్డ యజమాని మీద. మొదటిది పనికి ఏమాత్రం సంబంధం లేని కారణంతో సగం జనాన్ని గుమ్మం బయటే నిలబెట్టింది. రెండోది ఎవరినీ ఆపలేదు, తనంతట తాను తప్పుకునేవాడిని తప్పుకోనిచ్చింది.

తమాషా చేసే హక్కు ఎవరికి ఎవరి మీద ఉంటుందన్నది తెలుగువాళ్లకి ఒకరు నేర్పాల్సిన విషయం కాదు. పెళ్లిళ్లలో బావామరదళ్లు వేళాకోళాలాడుకుంటారు, వియ్యపురాలిని పాటల్లో ఏడిపిస్తారు, అందరూ నవ్వుతారు. అదే మాట బంధుత్వం లేనివాడు అంటే పందిట్లో గొడవ అయిపోతుంది. ఉద్యోగం ఇచ్చేవాడికీ అడిగేవాడికీ మధ్య అలాంటి చనువు ఇంకా పుట్టలేదు. పైగా ఒకడి చేతిలో అన్నీ ఉన్నాయి, రెండోవాడి చేతిలో రెజ్యూమె ఒక్కటే ఉంది. అలాంటప్పుడు పైవాడు కిందివాడి మీద వేసే జోకు పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. యజమాని తన మీద తాను వేసుకునే జోకు ఒక్కటే రెండు వైపులా చెల్లుతుంది.

2024 నవంబర్‌లో జొమాటో అధిపతి దీపిందర్ గోయల్ పెట్టిన పోస్టు దీనికి దగ్గరి చుట్టం. చీఫ్ ఆఫ్ స్టాఫ్ కావాలన్నాడు. మొదటి ఏడాది జీతం లేదు. పైగా అభ్యర్థే 20 లక్షలు కట్టాలి, ఆ డబ్బు ఫీడింగ్ ఇండియా అనే సేవాసంస్థకి పోతుంది అన్నాడు. పెద్ద దుమారం లేచింది. దరఖాస్తులు మాత్రం ఆగలేదు, 18,000 దాటాయి. తర్వాత ఆయనే చెప్పాడు: ఆ 20 లక్షల షరతు ఒక వడపోత మాత్రమే, నిజంగా కట్టించుకోవాలని కాదు, డబ్బుంది కడతాం అన్నవాళ్లలో చాలామందిని వద్దనే అనుకున్నాం అని.

దీన్ని పచ్చి జోకు అనలేం, తుంటరితనం అనొచ్చు. ఉద్దేశం లేని మాట ఒకటి అనేసి, ఎదుటివాడు ఎలా తీసుకుంటాడో చూడటం. నిక్కరు పరీక్షా అదే కదా అనిపించవచ్చు. తేడా ఒకటుంది. నిక్కరు వేసుకోవడానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు, జోకు అర్థమైందో లేదో అక్కడికక్కడే తేలిపోయింది. ఇక్కడ 20 లక్షలు లేని కుర్రాడు, అతనెంత చురుకైనవాడైనా, పోస్టు చదివి ఫోన్ పక్కన పడేసి ఉంటాడు. వడపోత అని తర్వాత చెప్పడం అతనికి ఏ రకంగానూ పనికిరాలేదు. అసలు డబ్బు కట్టి ఉద్యోగం అనే మాట మన దగ్గర తమాషాగా వినబడదు. బ్యాక్‌డోర్ జాబ్ అని చెప్పి లక్షలు గుంజి మాయమైన కన్సల్టెన్సీల మీద హైదరాబాద్‌లో కేసులు కొత్త కాదు. పొలం తాకట్టు పెట్టి అలా డబ్బు కట్టినవాళ్ల ఇంట్లో ఈ పోస్టు చూస్తే నవ్వు రాదు. పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో చెప్పిన సూత్రం ఇక్కడ బాగా అతుకుతుంది: ఏదో ఒక హద్దు దాటాలి, అయినా ఎవరికీ హాని లేదనిపించాలి, రెండూ ఒకేసారి జరిగితేనే నవ్వొస్తుంది. హాని నిజంగా జరిగిన చోట మిగిలేది హద్దు దాటడం ఒక్కటే.

జల్లెడ కాకుండా నిజంగానే వల అవసరమైన సందర్భాలూ ఉంటాయి. న్యూజిలాండ్ పోలీసులది అలాంటి అవసరం. అక్కడి కొత్త ప్రభుత్వం 2017లో 1,800 మంది పోలీసుల్ని అదనంగా తీసుకుంటామంది. ఆ నవంబర్‌లో పోలీసు శాఖ ఒక రిక్రూట్‌మెంట్ వీడియో వదిలింది. పోలీసులు ఎవరినో తరుముతూ ఉంటారు. ఒకరి తర్వాత ఒకరు పరుగెడుతూనే కెమెరా వైపు తిరిగి ఉద్యోగం గురించి ఒక్కో ముక్క చెప్పి పోతుంటారు. అందులో కనిపించేది నటులు కాదు, నిజం పోలీసులు. అప్పటి పోలీస్ కమిషనర్ కూడా ఒక ముక్కకి వస్తాడు. ఇంతా చేసి చివరికి దొరికిన దొంగ, నోట్లో హ్యాండ్‌బ్యాగ్ కరుచుకున్న ఒక కుక్క.

ఇక్కడ జోకు చేసిన పని వేరు. పోలీసు అంటే లాఠీ, గద్దింపు అనుకుని ఆ వైపే చూడనివాళ్లున్నారు. ఆడపిల్లలు, అక్కడి మూలవాసులైన మావోరీలు, పసిఫిక్ దీవుల వాళ్లు, ఆసియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. వాళ్లలాంటి మొహాలే యూనిఫామ్‌లో పరుగెడుతూ, జోకులేస్తూ కనిపిస్తే ‘మనమూ వెళ్లొచ్చేమో’ అన్న ఆలోచన పుడుతుంది. అంటే వల వేసిన చోట కూడా నవ్వించింది ఊరికే కాదు, ఒక అపోహని పక్కకి తోయడానికి. ఇదీ పోలీసులు తమ మీద తాము వేసుకున్న జోకే. దొంగనో, ఉద్యోగార్థినో వెక్కిరించలేదు. వీడియో చూసినవాళ్లంతా దరఖాస్తు పెట్టారని కాదు. వైరల్ అవడమూ ఉద్యోగంలో చేరడమూ రెండు వేరు సంగతులు. ఒక వీడియో వల్ల ఇంతమంది చేరారని లెక్క కట్టి చెప్పేవాళ్లను కాస్త అనుమానంగానే చూడాలి. జీతాలు, ఆ ఏడాది ఊళ్లో ఉన్న ఇతర ఉద్యోగాలు, ట్రైనింగ్ సీట్లు, అన్నీ కలిసే ఆ అంకె వస్తుంది.

జీతాల మాట వచ్చింది కాబట్టి మళ్లీ ఒకసారి డాలస్ వెళ్లాలి. సౌత్‌వెస్ట్ జోకులు అంతకాలం చెల్లుబాటు కావడానికి కారణం జోకులు కాదు. 1970లలోనే ఉద్యోగులకి లాభాల్లో వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత మిగతా అమెరికన్ విమానసంస్థలు వేలమందిని తీసేస్తే ఈ కంపెనీ ఎవరినీ తీయలేదు. 1973 నుంచి 2019 దాకా వరసగా 47 ఏళ్లు లాభాలు చూపించింది. వెనక ఇంత సరుకు ఉంది కాబట్టి ముందు ఎల్విస్ వేషం ముచ్చటగా కనిపించింది. నెలాఖరుకి జీతం పడుతుందో లేదో తెలియని కంపెనీలో యజమాని అదే వేషం కడితే ఉద్యోగులు ఇంకో రకంగా నవ్వుకుంటారు.

కెలహర్ 2019 జనవరిలో చనిపోయాడు. 2025 ఫిబ్రవరిలో సౌత్‌వెస్ట్ ఆఫీసు ఉద్యోగాల్లో 15 శాతం, అంటే సుమారు 1,750 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీ చరిత్రలో ఇంత పెద్ద లేఆఫ్ అదే మొదటిది. ఇక ముందు ‘మా దగ్గర సరదాగా ఉంటుంది, కలకాలం ఉండిపోండి’ అని ఆ కంపెనీ ప్రకటన ఇస్తే మాటలు అవే అయినా చదివేవాడు మారిపోయాడు. ఉద్యోగ ప్రకటనలో జోకు ఒక హామీ లాంటిది. పని జరిగే పద్ధతి మారితే పాత జోకు అబద్ధం కింద మారుతుంది.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల కళ్లతో ఆ ఎల్విస్ ప్రకటన చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఎల్విస్ 1977లో చనిపోయాడు. అయినా అక్కడ కనిపించాడు, ఇక్కడ కనిపించాడు అని అమెరికాలో ఏళ్ల తరబడి పుకార్లు నడిచాయి, అదొక జాతీయ హాస్యంగా మారింది. ఆ ముచ్చట తెలియనివాడికి ప్రకటనలో నవ్వడానికి ఏమీ లేదు. మొన్నే విజయవాడ నుంచి ఎంఎస్‌కి వెళ్లిన కుర్రాడు దాన్ని చూసి ‘వీళ్లేదో నాటకాల కంపెనీ’ అనుకుంటే తప్పు అతనిది కాదు. హాస్యానికి ఊరుంటుంది, వయసుంటుంది. కంపెనీ మనిషి స్వభావాన్ని జల్లిస్తున్నాననుకుంటుంది, నిజానికి మనిషి ఎక్కడ పెరిగాడో దాన్ని జల్లిస్తుంటుంది. గోదావరి వెటకారం చదివి నల్గొండ అబ్బాయి నొచ్చుకోవడం, కరీంనగర్ యాసలో మోటు సరసం విని గుంటూరు అమ్మాయికి సగం అర్థం కాకపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇక్కడి కంపెనీలు ఈ చిక్కు తప్పించుకోవడానికి ఒక సులువైన దారి కనిపెట్టాయి. బ్రహ్మానందం మీమ్. కింద ‘వీ ఆర్ హైరింగ్’. ఇది రెండు రాష్ట్రాల్లోనూ అర్థమవుతుంది, ఎవరూ నొచ్చుకోరు, లైకులు వస్తాయి. కానీ ఆ మీమ్ ఏ కంపెనీ పెట్టినా ఒకేలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టొచ్చు, రియల్ ఎస్టేట్ ఆఫీసు పెట్టొచ్చు, కోచింగ్ సెంటర్ పెట్టొచ్చు. అక్కడ పని ఎలా ఉంటుందో అది ఒక్క ముక్క చెప్పదు. నవ్వు బ్రహ్మానందం ఖాతాలో పడుతుంది, కంపెనీ పేరు స్క్రోల్‌లో పోతుంది.

ఇంకో జాడ్యం ఉద్యోగం పేరుతోనే ఆటలాడటం. కోడింగ్ నింజా, సేల్స్ రాక్‌స్టార్ లాంటివి. పెట్టినవాళ్లకి ముచ్చటగానే ఉంటుంది. వెతికేవాడు మాత్రం సెర్చ్‌లో జావా డెవలపర్ అని కొడతాడు, అకౌంటెంట్ అని కొడతాడు. నింజా అని ఎవరూ కొట్టరు. ఆ ప్రకటన అతని కంట పడే అవకాశమే తగ్గిపోతుంది. పడినా, అమ్మకి ఫోన్ చేసి ‘నాకు నింజాగా ఉద్యోగం వచ్చింది’ అని చెప్పాలి. పెళ్లిసంబంధాల వాళ్లకి ఏం చెప్పాలన్నది మరీ పెద్ద టెన్షన్. హాస్యం ఎక్కడైనా ఉండొచ్చు గానీ ఉద్యోగం పేరు, ఊరు, షిఫ్టు, జీతం అన్న నాలుగు చోట్ల మాత్రం తిన్నగా ఉండాలి.

అసలు మంచి జోకు దొరికేది కూడా ఆ నాలుగింటి పక్కనే. రాత్రి షిఫ్టు ఉన్న కాల్‌సెంటర్ ‘మా దగ్గర సూర్యోదయం రోజూ చూడొచ్చు, ఇంటికెళ్లేటప్పుడు’ అని రాస్తే చదివినవాడు నవ్వుతాడు, షిఫ్టు సంగతీ తెలుస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలు ఊపిరాడని హోటల్ ‘ఒంటిగంట నుంచి మూడు దాకా ఫోన్ చూసే తీరిక ఉండదు, ఆ తర్వాత భోజనం మాదే’ అని రాస్తే కష్టం, కూలి రెండూ తేలిపోతాయి. చేరేముందే పనిలో ఉన్న ఇబ్బంది తెలిసినవాడికి తర్వాత ‘నన్ను మోసం చేశారు’ అనిపించదు. ఇబ్బందిని సీరియస్‌గా రాస్తే భయపెడుతుంది, దాచిపెడితే నెల తిరక్కుండా బయటపడుతుంది. నవ్వుతూ చెబితే చదివేవాడు దాన్ని తన బలానికి తగిన బరువా కాదా అని తూచుకుంటాడు.

వీటికి కాపీరైటర్లు, వీడియోలు, లక్షల బడ్జెట్లు అక్కర్లేదు. కావాల్సింది ఆ పని నిజంగా చేస్తున్న మనిషిని పిలిచి ‘ఇక్కడ మీరు దేనికి నవ్వుకుంటారు’ అని అడగడం. హెచ్‌ఆర్ గదిలో కూర్చుని కనిపెట్టిన జోకుకీ, పనిచేసే చోట పుట్టిన జోకుకీ తేడా చదివేవాడికి తెలిసిపోతుంది.

అమీర్‌పేట గోడల మీద, సిటీ బస్సుల వెనక, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రకటనల్లో హాస్యం లేదనుకోవడానికీ లేదు. ‘ఆకర్షణీయమైన జీతం’ అని ఉంటుంది, అంకె ఉండదు. ఫోన్ చేస్తే ఇంటర్వ్యూలో చెబుతాం అంటారు. ఇంటర్వ్యూకి వెళ్తే ‘మీరెంత ఆశిస్తున్నారు’ అంటారు. ఎంతో కొంత చెబితే, అవతలివాళ్లు నవ్వుతారు.